మూడో మెట్టు

మా ఇంట్లో సిగ్నల్ రాదు.
రొయ్యల గుంటల కాడ, మోటారు షెడ్డు వెనక
ఉప్పుగాలి కొరికిన ఇనప నిచ్చెన
మూడో మెట్టు మీద రెండు గీతలు వస్తాయి.
మూసాపేట వదిలి నాలుగు నెలలు.
ఇప్పటికి నా ఊరు ఆ మెట్టు.

ఈ రాత్రి అతను లైవ్‌లో ఉన్నాడు.
నీలం జుట్టు, ఎడమ చెవికి చుక్క.
అభిమానుల పేర్లు చదువుతున్నాడు.
నలభై సార్లు కొట్టాను:
హిమజ, విడవలూరు.
ముందు హైదరాబాద్ అని కొట్టి
ఎందుకో చెరిపేశాను.

ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటే, కళ్లు మూసుకుంటే
స్టేడియం నిండా చప్పట్లు.

చప్పట్లు ఆగిపోయాయి.

కరెంటు.
రెండు రాత్రుల నిద్ర బాకీ తీరుస్తూ నాన్న, నులకమంచం మీద.
అవతలి గట్టు మీంచి మస్తానయ్య కేక:
"జనరేటరు ఎయ్ పాపా! రొయ్య పైకి తేల్తా ఉండాది!"

ఫోను నోట కరుచుకుని దిగాను.
అతని గొంతు నా పళ్లలో అదిరింది.
రెండో మెట్టు దగ్గర "హి" అన్నాడు.
నిజంగా అన్నాడు.
మొదటి మెట్టు దగ్గర
సున్నా తిరుగుతోంది.

హ్యాండిల్‌కి రెండు చేతులూ కావాలి.
ఒకసారి. ఇంకోసారి. అరచేయి చీరుకుంది.
పొగ,
తర్వాత దడదడ.

టార్చి వేస్తే నీటి మీద
వేల ఎర్రటి కళ్లు, నా వైపే.
కాసేపటికి ఒక్కొక్కటీ
అడుక్కి దిగిపోయాయి.

మస్తానయ్య బీడీ ముట్టించుకుని
"ఇంతకీ నీ పేరేంది పాపా?" అన్నాడు.
చెప్పాను.
"ఇమజా," అని
మెల్లిగా పలికి చూసుకున్నాడు.