మోటారు ఏరు

మూడో కుర్చీ తీయించేసి
ఆ జాగాలో గాజుతొట్టె పెట్టాను.
ముందు అద్దం, వెనక అద్దం.
ఏడు చేపలే, చూసినకొద్దీ మంద.

ఒకాయామాలో మా సెలూన్ వెనక కాలువకి
ఒక్కటే పని, వరిపొలాలకి వెళ్ళడం.
నీళ్ళు వదిలిన రోజు మోకాళ్ళదాకా దిగి
రాళ్ళ పక్కన వల ఆనించి
అటునుంచి కాలితో అదిలించాను.
యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషిని.
వంతెన మీద బడిపిల్లలు లెక్కపెట్టారు:
"షిజుయే అత్తకి ఒకటి! షిజుయే అత్తకి రెండు!"
ఏడు చాలన్నాను.
దారంతా బకెట్ మూతని లోపల్నించి కొడుతూనే ఉన్నాయి,
తలుపు తీయమన్నట్టు.

ఒయికవా. ఏటిచేప.
దుకాణంలో అడిగితే నవ్వుతారు.
బూడిదరంగు సూది, అంతే.

పదిరోజులు ఏమీ ముట్టలేదు.
మేతగింజ నీళ్ళమీద పడితే
కింద నిలబడి అవీ నాలాగే చూసేవి.
పదకొండో రోజు అన్నిట్లోకీ చిన్నది గుటుక్కుమనిపించింది.
సబ్బు పూసిన గడ్డాన్ని అలాగే వదిలేసి చప్పట్లు కొట్టాను.
రాత్రి షట్టర్ దించుతుంటే
ఎందుకో ఆ గింజ నా గొంతుకి అడ్డం పడింది.

ఏటిచేపకి నీళ్ళుంటే చాలదు,
నీళ్ళు నడవాలి.
అందుకని ఎడమ మూల చిన్న మోటారు.
అదే కొండ, అదే వాన, అదే ఎగువ.
ఏడూ దానికేసి మొహం పెట్టి రోజంతా ఈదుతాయి
ఉన్నచోటే ఉండడానికి.
"ఎక్కడికమ్మా ఇవి ప్రయాణం?" అంటారు
లాకులు తీసే ఉద్యోగం చేసి దిగిపోయిన నిషివాకి గారు,
నెలకోసారి, కుర్చీలోంచి.
"తల కదపకండి" అంటాను.

జూన్‌లో ఒకటి మారింది.
ఒంటికి నీలం, దాని మీద గులాబి చారలు,
మూతి నిండా మొటిమలు, పద్నాలుగేళ్ళ కుర్రాడికిలా.
అద్దంలో ఉన్నవాడితో మూడు రోజులు కయ్యం.
నవ్వొచ్చింది. నాలుగో రోజు
ఆ అద్దానికి తువ్వాలు కప్పాను.
ఆ రాత్రే ఎగిరింది.

పొద్దున్న చీపురుకి తగిలింది,
నేను ఊడవకుండా వదిలేసిన నెరిసిన జుట్టు చుట్టుకుని.
రంగులు అప్పటికే పోయాయి.
ఆ జుట్టు ఎవరిదో కూడా తెలుసు నాకు.
వెనక తలుపు వైపు పడి ఉంది, కాలువ వైపు.
దానికేం తెలుసు?
తువ్వాలు అటుంది కాబట్టి ఇటు ఎగిరిందేమో.
తొట్టె మీద దోమతెర బిగించాను.

సెప్టెంబరు తుఫానుకి కరెంటు పోయింది.
మోటారు ఆగగానే
ఆరు చేపలూ దిక్కు మరిచాయి.
ఒకటి గోడకేసి, ఒకటి తలుపుకేసి, ఒకటి నాకేసి.
వెనకాల కాలువ గట్టెక్కి ఉరుముతోంది.
ఊరంతటికీ సరిపడా ఎగువ అక్కడ,
నా తొట్టెలో గుక్కెడు లేదు.

వదిలేయొచ్చుగా అంటారు.
వదలకూడదు. ఇంట్లో పెరిగిన ఒళ్ళు
అక్కడివాటికి ఏ తెగులు మోసుకెళ్తుందో.
తెచ్చుకోడానికే దారి, పంపడానికి లేదు.
వల ముంచిన రోజు ఇది తెలియదా అంటే,
తెలుసు.

గడ్డం నురగ కలిపే గిన్నె కడిగి
ముంచి ఎత్తి పోశాను,
ముంచి ఎత్తి పోశాను, ఎడమ మూలనే.
రెండు గంటలకి నిషివాకి గారు
గట్టు చూసి వస్తూ, టార్చితో, తడిసి ముద్దై.
ఏమీ అడగలేదు.
కుర్చీ లాక్కుని గిన్నె అందుకున్నారు.
"ముప్ఫై నాలుగేళ్ళు నీళ్ళు వదిలానమ్మా,
ఇంత చిన్న మడికి ఎప్పుడూ వదల్లేదు."

వంతులేసుకున్నాం.
పోసినంతసేపూ ఆరూ మా గిన్నెకి ఎదురీదాయి.
చెయ్యి లాగి ఆగితే
అవీ ఆగి, తలో వైపు తేలిపోయేవి.

ఆరింటికి కరెంటొచ్చింది. మోటారు గుర్రుమంది.
ఇద్దరికీ తోకలు చూపించి మూలకి మళ్ళాయి.
నిషివాకి గారు కుర్చీలోనే నిద్రపోయారు,
తల ఓ పక్కకి వాల్చి.

చెవి పైన, ఆ పక్క
కాస్త ఎక్కువే కత్తిరించానని
అప్పుడు కనబడింది.