ఒక్క టోపే

పర్లాకిమిడి బజారులో నాది వాచీల కొట్టు.
బోర్డు మీద మూడు లిపులు, లోపల ఒకటే స్టూలు.
లిపిక పాత్రో క్యూబు పట్టుకొచ్చింది.
"తాతా, మూల తిరగట్నేదు. మీ కాడ నూనుంది కదా?"

నా కాడ లేని నూనేటి?
కుట్టుమిషను సీసా వంచి
గట్టిగా నాలుగు చుక్కలేశాను.
డబ్బులొద్దన్నాను కూడా, గొప్పకి.

నెల తిరక్కుండా వచ్చింది.
ప్లాస్టిక్ ఉబ్బిపోయి
తెల్లముక్క కాలు అగ్గిపుల్లలా విరిగి
అరచేతిలో ఉంది.
ఏడవలేదు. ఏడ్చుంటే ఓదార్చేవాణ్ణి.

ముప్పయ్యారేళ్ళు ఇత్తడినీ ఉక్కునీ ఎరిగిన చెయ్యి,
ప్లాస్టిక్ దాహం ఏ నూనెకో
ఒక్క మాట అడగలేదు.

బరంపురం బస్సు డ్రైవరు చేత తెప్పించాను
కొత్త క్యూబు, సిలికాన్ సీసాలు రెండు.
ఒకటి గంజి తేటంత పల్చన,
ఒకటి తాటిపాకమంత చిక్కన.

స్టూలు ఆమెకిచ్చి నేను నిలబడ్డాను.
"చిక్కంది నడుమన, స్ప్రింగులకి.
జోరు తగ్గుతాది గానీ మాట వింటాది.
పల్చంది ముక్కల అంచుకి.
టోపే, తాతా. ఒక్క టోపే."

నా చుక్క సీసా మూతి నుంచి రాలిపడేది.
ఆమె టోపే
సూదిమొన మీద నిలబడేది.
ఆ సూది నాదే.
లేడీస్ వాచీ రాళ్ళకి
ఊపిరి బిగబట్టి అలాగే పెట్టేవాణ్ణి.
ఆ కొలత ఎప్పుడు పారేసుకున్నానో.

తిప్పింది. వందసార్లు, లెక్కపెట్టి.
మొదట గరగర.
తరవాత తడి ఇసకలో అడుగు.
ఎనభై దాటాక
నా కొట్టులో గోడగడియారాలు వినిపించాయి.

మహేంద్రతనయ మీంచి వాన వాసన.
"ముసురు పడితే బరువెక్కుతాది.
పోటీ నాడు కడిగేసి మళ్ళీ ఏస్తాను."
నా పాత స్టాప్‌వాచీ నొక్కి ఇచ్చాను:
నలభై ఒకటి. ముప్ఫై ఎనిమిది.
మళ్ళీ నలభై మూడు. మూతి ముడిచింది.

వెళ్ళాక మిషను నూనె సీసాకి కాగితం అంటించాను,
"ప్లాస్టిక్కుకి కాదు" అని, మూడు లిపుల్లో.

మర్నాడు బడికి పోతూ ఆగి
ఒడియాలో ఒక అక్షరం దిద్ది
పెన్ను నా జేబులోనే పెట్టి పోయింది.