మూడు వంతెనల కింద సోడియం

మొదట ఇసుక.
కృష్ణ ఒడ్డున లారీల కెత్తేది కాదు,
సీసాలో వచ్చిన సిలికా,
ఊపిరి తగిలితే లేచిపోయేంత మెత్తన.
తర్వాత ఫాస్ఫేటు,
మా నాన్న పత్తిచేలో గుప్పెట పట్టి విసిరేదానికి
చదువుకున్న చెల్లెలు.
జిర్కోనియా. సోడా.
నాలుగూ అగేటు రోట్లో పోసి
మూడు గంటలు నూరాను.
పట్టా నాది, తిప్పుడు మా అమ్మది:
అడుగునుంచి పైకి, అంచునుంచి లోపలికి.

మూడొందల డిగ్రీల దగ్గర
మూసలోంచి అమోనియా లేచింది.
అటెండరు మస్తాన్‌వలి తువ్వాలు ముక్కుకడ్డం పెట్టుకుని
"మిర్చియార్డు ఘాటే నయం కోటిరత్నమ్మా,
అది తుమ్మించి వదిలేస్తుంది.
ఇంతకీ ఇదేమవుతుంది?"

నలుగురు ఆక్సిజన్ల నడుమ ఒక సిలికాన్,
నలుగురి నడుమే ఒక భాస్వరం,
ఆరుగురి చేతులు పట్టుకుని జిర్కోనియం,
మూలలు కలుపుకుని నిలబడతాయి.
ఇది పుస్తకంలో మాట.
అతనికి చెప్పింది వేరు:
మూడు వంతెనలు తెలుసుగా.
పైన రైలుకట్ట కదలదు, రాయి కదలదు.
కింద ఇరుకులో ఆటో, దాని వెనక బస్తాల ట్రాలీ,
దాని వెనక హారన్ కొడుతూ ఇంకో ఆటో.
ముందుది జరిగితేగానీ వెనకది జరగదు.
ఆ ఆటోలు సోడియం.
మనం కాలుస్తున్నది వంతెన.

అతను కాసేపు ఆలోచించి
"వానొస్తే నీళ్లు నిలుస్తాయమ్మా అక్కడ" అన్నాడు.
నిజమే. దీనికీ తేమ పడదు.
నా నోట్సులో ఆ ముక్క లేదు.

రాత్రి పదకొండూ నలభైకి
బ్రాడీపేట మొత్తం కరెంటు పోయింది.
పన్నెండొందల్లో ఉన్న కొలిమి
ఎరుపు, ఇటుక, బూడిద రంగులకు దిగి
కన్ను మూసింది.
పొద్దున్న చూస్తే బిళ్ల మధ్యకు పగిలి ఉంది,
రూపాయి అంత.
ఎక్స్‌రేలో ఇరవైయెనిమిది డిగ్రీల దగ్గర
అడక్కుండా నిలబడ్డ గీత:
ఎవరితోనూ కలవని జిర్కోనియా,
పెళ్లికొచ్చి అన్నం తినకుండా అలిగి
అరుగుమీద కూర్చున్న మేనమామ.

రెండోది వంగింది.
మూడోదాన్నుంచి భాస్వరం ఎగిరిపోయింది, నేనే వేడెక్కువ పెట్టాను.
ఐదోది, పేరు పెట్టలేదు దానికి,
రెండువైపులా బంగారు పూత పూసి తీగలు తగిలిస్తే
తెరమీద చిన్న అర్ధచంద్రం గీసింది,
పాపాయి కొరికిన అప్పడమంత.

"కదిలాయా ఆటోలు?"
"నిదానంగా."
"ఏప్రిల్లో అంతేలే."
సైకిలు తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు బీకర్లు కడుగుతూ చెప్పాడు:
రాత్రి వంతెన కింద ఆగి
గోడమీద చెయ్యి పెట్టి చూశాడట.
పదయినా రాయి
వెచ్చగానే ఉందట.