తెల్లపొడి

శుక్రవారం రాత్రి నా స్ఫటికాలు కరిగిపోయాయి.
తప్పు నాదే.
రెండు సీసాల మీదా ఒకటే చేతిరాత, అదీ నాదే.
ఇథనాల్ అనుకుని అసిటోన్ పోశాను.
నాలుగు నెలలు పెంచినవి
మాటా పలుకూ లేకుండా పంచదారలా నీరుగారిపోయాయి.

హైడ్రోజన్ బంధాలతో అల్లిన ఇల్లు మరి.
తుమ్మితే ఊడే ముక్కులు.
జిర్కోనియంతో గట్టిగా కట్టుకునేవాళ్ళు పక్క గదిలోనే ఉన్నారు,
వాళ్ళింట్లో ఏ శుక్రవారమూ ఏదీ కరగదు.
మా ప్రొఫెసర్ కువాంగ్ మాత్రం అంటాడు:
"గట్టిగా పట్టుకున్నది విరుగుతుంది, సూయిన్,
వదులుగా పట్టుకున్నది మళ్ళీ పట్టుకుంటుంది."
నిధుల అర్జీలో రాసుకునే వాక్యం అది.
ఆ రాత్రి నమ్మబుద్ధి కాలేదు.
గిన్నె మీద "పారబోయండి" అని చీటీ అంటించి
చివరి బస్సు అందుకున్నాను.

యూరోపియం సంగతి కాస్త చెప్పాలి.
దానికి వెలుగు తినడం చేతకాదు.
ఎదురుగా వడ్డించినా మూతి తిప్పుకుంటుంది.
పక్కన ఒక కర్బన అణువు కూర్చుని
అతినీలలోహితాన్ని కలిపి, ముద్ద చేసి,
నోట్లో పెడితేనే
ఎర్రగా నవ్వుతుంది.
మధ్యలో నీటి అణువు చేరిందా,
ఆ ముద్ద అది లాక్కుంటుంది,
కాస్త వెచ్చబడి, అంతే, మరిచిపోతుంది.
అందుకే ఈ ఇల్లు. లోపల కూర్చోబెట్టి
నీళ్ళకు తలుపేసుకోడానికి.

సోమవారం పొద్దున, ఏడు కూడా కాలేదు,
నేల తుడిచే షియే పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు.
"గిన్నె పారబొయ్యలేదు.
ఎక్కడ పొయ్యాలో రాయలేదు నువ్వు."

ముప్పై ఏళ్ళ కిందట ఇదే గాన్‌జౌలో,
దక్షిణపు కొండల ఎర్రమట్టికి గొట్టాలు దించి
అమ్మోనియం సల్ఫేట్ నీళ్ళు తాగించిన వాళ్ళలో ఆయనొకడు.
కొండ కక్కింది గుంటల్లో పట్టుకుని
మిగిలింది వాగులోకి వదిలేవాళ్ళు.
ఎవర్నీ అడగలేదు. వాగుని అసలు అడగలేదు.
కింద మడుల్లో వరి మూడేళ్ళు పాలుపోసుకోలేదు.
ఇప్పుడా కొండల మీద నారింజ తోటలు,
పండు తియ్యగానే ఉంటుందట, ఆయన తినడు.
"అప్పట్నుంచి ఏది పారబొయ్యమన్నా
ఎక్కడికి అని అడుగుతున్నా" అన్నాడు.

గిన్నె అడుగున, గంజి ఆరినట్టు,
పల్చటి తెల్లపొర.
రెండు రాత్రుల్లో అసిటోన్ తన దారిన పోయింది.
టార్చి వేశాను.

ఎరుపు.
మునుపటంత చక్కగా ఏమీ లేదు,
ఒక పక్క పల్చన, ఒక పక్క గుట్ట,
అయినా ఎరుపే. ఊడిన ముక్కులన్నీ
ఎవరూ చెప్పకుండానే మొహాలు వెతుక్కున్నాయి.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.
"ఇదేనా?"
"ఏది?"
"మేం బస్తాలకెత్తింది."
"అందులో రవ్వంత."
"మాకు తెల్లపొడి అనే చెప్పారు. తెల్లగానే ఉండేది.
కిలోల లెక్కన పోయేది.
దీనికి రంగుందని ఎవరూ చెప్పలేదు."
టార్చి ఆర్పాను. తెలుపు.
మళ్ళీ వెయ్యమన్నాడు. వేశాను.
ఇంకోసారి వెయ్యమన్నాడు.

నోటుపుస్తకంలో రాసుకున్నాను:
నమూనా తిరిగి దొరికింది.
పద్ధతి: ఎవరూ ముట్టుకోకపోవడం.
చేసినవారు: షియే.

మధ్యాహ్నానికి టార్చి కనిపించలేదు.
వెతుక్కుంటూ పోతే, భవనం వెనక
మురుగుకాలువ మూత పక్కకి జరిపి
బోర్లా వంగి ఉన్నాడు,
లోపలి చీకట్లోకి ఊదారంగు వెలుగు పోస్తూ.

"ఏమీ లేదు" అన్నాడు లేవకుండానే.
ఆ గొంతులో ఉన్నది నెమ్మదో, దిగులో.

నీళ్ళలో అది వెలగదు పెద్దాయనా,
ఉన్నా వెలగదు,
అని నా నోటిదాకా వచ్చింది.
ఆయన మోకాళ్ళు తడిసిపోయి ఉన్నాయి.
చెయ్యందించి
లేపాను.