కొట్టేసిన తొమ్మిది

కాలు విరిగిన జనవరిలో మొదలుపెట్టాను.
బ్యూట్ ఊరి మంచు మీద జారితే చీలమండలో మూడు మేకులు,
వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్,
ఎదురు కుర్చీలో ఎత్తిపెట్టిన కాలు.
కిటికీలోంచి మూతబడ్డ గని మీది ఇనుప గోపురం,
చీకటి పడితే దానికి ఎర్ర దీపాలు.
మా తాత కాన్ లౌనీ ముప్పై ఒక్క ఏళ్ళు దాని కిందికి దిగాడు,
దిగినన్నిసార్లూ కొంచెం రాతిపొడి ఛాతీలో మోసుకుని పైకొచ్చాడు.

"మనది రాజుల వంశం" అనేది బర్నడెట్ పిన్ని
ప్రతి క్రిస్మస్‌కీ, మూడో గ్లాసు తర్వాత.
రాజుల జాడ నాకింకా తగల్లేదు.
తగిలింది ఒక గడ్డికప్పు, వీధి వైపు రెండు కిటికీలు,
ఒక పందుల కొట్టం.
ఇంగ్లీషు సర్కారు కిటికీలు కూడా లెక్కపెట్టుకుంది.

అంతకు ముందరి లెక్కలు లేవు.
కొన్ని గుజ్జయ్యాయి, కొన్ని డబ్లిన్‌లో బూడిదయ్యాయి.
మిగిలినవి చర్చి పుస్తకాలు,
చెమ్మకి ఉబ్బిన పేజీలు, ఫాదరీల కోడిగీతల లాటిన్.
వాటిలో మా ముత్తవ్వ ఒకచోట హనోరా, ఒకచోట ఒనోరా,
ఒకచోట వట్టి "హన్".
సిరా అయిపోయిందో, ఓపిక అయిపోయిందో.

ఈ ముసల్ది నాకు నచ్చింది.
పంతొమ్మిది వందల ఒకటిలో ఆమెకి యాభై నాలుగు.
పదకొండులో డెబ్భై ఒకటి.
మధ్యలో డెబ్భై నిండినవాళ్ళకి పింఛను వచ్చింది మరి!
బల్ల గుద్ది నవ్వితే కాలు కలుక్కుమంది.
సంతకం చోట ఒక ఇంటూ గుర్తు,
పక్కన కానిస్టేబుల్ గుండ్రటి దస్తూరీలో "ఈమె గుర్తు".

అదే కాగితంలో ఒక ప్రశ్న:
ఎంతమందిని కన్నావు, ఎంతమంది మిగిలారు?
మొగుడు పోయినవాళ్ళు చెప్పనక్కర్లేదు.
ఆమె చెప్పింది.
ఆఫీసులో ఎవరో నియమం తెలిసినవాడు ఎర్రసిరాతో కొట్టేశాడు.
గీత కింద కనిపిస్తూనే ఉంది:
తొమ్మిది. నాలుగు.

చర్చి పుస్తకంలో నాకు ఎనిమిదిమందే దొరికారు.
పెద్దది జూలియా. ఒక మైకేల్,
వాడు పోయాక పుట్టినవాడికి మళ్ళీ మైకేల్.
తొమ్మిదోవాడు తాత అయివుండాలి, లేడు.
ఫిబ్రవరంతా వెతికాను. కట్టు విప్పారు, మేకులు ఉంచేశారు.
పక్క పారిష్, దాని పక్కది,
రాత్రి రెండింటికి చల్లారిన టీ,
కొర్నీలియస్‌లు కోకొల్లలు, మావాడు కాడు.

దొరికింది మార్చిలో.
కొండకి అవతల, వీళ్ళ మొహం ఎవరికీ తెలియని పారిష్‌లో.
కొర్నీలియస్.
తండ్రి గడిలో లాటిన్‌లో ఒక్క మాట: తెలియదు.
తల్లి: జూలియా.
పదిహేడేళ్ళు.
జ్ఞానతల్లి: హనోరా.

ఆ రోజు వాన పడిందో లేదో ఏ పుస్తకమూ చెప్పదు.
నేనే పడిపించుకున్నాను,
శాలువా కింద మూట, వెనకాల తలవంచుకున్న పిల్ల,
కొండదారి, బురద.
ఎనిమిదికి ఒకటి కలిపి చెప్పింది ఇరవై ఏళ్ళ తర్వాత,
ఎవరూ అడగకపోయినా.
వయసు గురించిన అబద్ధానికి వారానికి ఐదు షిల్లింగులు వచ్చాయి,
దీనికి ఏమీ రాలేదు.
కనలేదు. కడుపులో దాచుకుంది.

జూలియా బోస్టన్ ఓడలో ఉంది, పంతొమ్మిదేళ్ళు, పనిమనిషి.
ఆ తర్వాత ఎక్కడా లేదు.
బతికున్న నలుగురిలో ఆమెని లెక్కేశారో లేదో.

స్పోకేన్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను.
డెస్మండ్ చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "అమ్మకి ఆ పేరు తాత పెట్టిందే కదా" అన్నాడు.
అవును. జూలియా.
"మా అక్క పేరు" అనేవాడు తాత, అడిగినవాళ్ళకల్లా.
అప్పటికి నాకు ఎనిమిదో, తొమ్మిదో.

ఆ "అక్క" అనే మాట ఏ గొంతుతో అనేవాడో
గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను.
దగ్గే వినిపిస్తోంది.