దండెం తీగె

సిరొంచలో నా ఫారాల దుకాణానికి
మొదట్ల నీలం తీగె వచ్చింది.
ఎలుక కొరికితే రెండు రోజులు,
ఎడ్లబండి తొక్కితే వారం బందు.
అతుకు పెట్టీ పెట్టీ
దుర్గం లసుమయ్య వేళ్లు కాయలు కాసినయ్.

ఇప్పుడు రేకుల మీద తెల్లటి పళ్లెం.
ప్రాణహిత అవతలి గుట్టకెళ్లి
గాలిల ఏమి పట్టుకుంటదో ఏమో,
ల్యాప్‌టాప్‌కు తోకన్నది లేదు,
ఒళ్లె పెట్టుకొని అరుగు మీదికొస్త.
ముసురు పడితె మాత్రం
గీత ఎంబడి గీత తగ్గుతది,
చెవులు వాల్చిన మేక లెక్క.

"ఐదో తరం వచ్చిందట" అన్నడు ఛార్జింగ్‌కొచ్చిన పిలగాడు.
సాత్‌బారా కాయితం కోసం పొద్దటి సంది కూసున్న
మాదాసి బానక్క నవ్వింది:
"మా చెలక ఇంక మూడో తరం పేరు మీదనే ఉన్నది బిడ్డా."

ఫారం మరాఠీల అడుగుతది.
ఆమె తెలుగుల చెప్తది.
తాత పేరు కాడ ఇద్దరం ఆగినం.
తెర మీద గుండ్రం తిరుగుతనే ఉన్నది.

నీలం తీగె పారెయ్యలె.
లసుమయ్య పెండ్లాం దండెం కట్టుకున్నది.
వాన రోజు నెట్టు పోయిందంటే
ఆయన లేచి,
తడి చీరలు పక్కకు జరిపి
ఒక్కొక్క అతుకూ తడిమి చూస్తడు.