ఊపిరి కన్నం

ఆ ఏడు నడి చలికాలంలో వాన పడింది.
కురిసింది కురిసినట్టే గడ్డకట్టి
నాచు మీద ఇనుపమూతలా బిగుసుకుంది.
డెక్కలు అరిగేదాకా తవ్వీ తవ్వీ
ధ్రువజింకలు నిలబడ్డచోటే కూలబడ్డాయి.

తప్పిపోయిన పదకొండింటిని వెతకడానికి
అక్కా నేనూ స్లెడ్జి కట్టుకుని వెళ్ళాం.
అక్కకి పదహారు. నాకు తొమ్మిది.
మంచుతుఫానులో పుట్టిందని తనకి హద్నే అని పేరు.
"నీ పేరు విని వచ్చిందేమో" అన్నాను,
ఉత్తరాన ఆకాశం పాలిపోతుంటే.
తను నవ్వలేదు. స్లెడ్జిని గాలికి అడ్డంగా పడేసింది.

తుఫానులో నడిచినవాడు చస్తాడు, పడుకున్నవాడు బతుకుతాడు.
మా యమాల్‌లో పాలు మానకముందే నేర్పే పాఠం.
కుక్కని మధ్యలో వేసుకుని
తోలుచొక్కాల్లోకి చేతులు లాక్కుని పడుకున్నాం.
పిండి జల్లించినంత నింపాదిగా
మంచు మమ్మల్ని పూడ్చింది.

జింకల్ని తోలే పొడుగాటి కర్రతో
అక్క ఉండుండి పైకి పొడిచేది.
పిడికిలంత కన్నం.
గాలి వచ్చేది అందులోంచే, పగలో రాత్రో తెలిసేది అందులోంచే.

నిద్ర పోనిచ్చేది కాదు.
"తాత మందలో ముందు నడిచిన జింకల పేర్లు చెప్పు."
తప్పితే గిల్లేది.
పద్నాలుగోది ఎప్పుడూ తప్పేది.

గడ్డకట్టిన చేపముక్క ఒక్కటే మిగిలింది.
నేను తిన్నానంటుంది తను. తనే తిన్నదంటాను నేను.
ఇరవై ఏళ్ళయినా తేలలేదు.
కుక్క తిన్నదని ఇద్దరికీ తెలుసు.

మూడో రోజు గాలి ఆగింది.
పైకొస్తే గుట్ట లేదు, జాడ లేదు,
రెండు జింకలు పగ్గాల్లోనే కొయ్యబారిపోయాయి.
దక్షిణాన మాత్రం గ్యాస్ బావి మంట
మబ్బుల కింద ఎర్రగా ఊగుతోంది.
"అక్కడ మనుషులుంటారు, వేడి టీ ఉంటుంది" అని ఏడ్చాను.
అక్క చాలాసేపు అటే చూసింది.
కనురెప్పల మీది మంచు కూడా ఎర్రబడింది.
"మూడు రోజులు నడిచినా అది అంత దూరంలోనే ఉంటుందిరా."

బతికున్న ఒక్కటీ ఒంటికొమ్ము ముసలిది.
దాని పగ్గం విప్పేసింది.
"ఇన్నాళ్ళూ అది మన మాట విన్నది,
ఇవాళ మనం వినాలి."

ముసలిది ముక్కెత్తి నిలబడింది.
నా గుండె కొట్టుకోవడం లెక్కపెట్టాను. నూట ఇరవై.
అప్పుడు మంటకి వీపు తిప్పి
చీకట్లోకి నడిచింది.

కొంత దూరం నేనూ నడిచాను.
ఆ తర్వాత గుర్తున్నది అక్క వీపు,
మెడ దగ్గర చేపనూనె వాసన,
"పద్నాలుగోది చెప్పరా, పద్నాలుగోది."

అమ్మ డేరా తోలు ఎత్తింది.
ఏడవలేదు. దగ్గరికి తీసుకోలేదు.
"కుడిచేతి తొడుగేదే?
రెండు రాత్రులు కూర్చుని కుట్టాను."
అక్క నా ఎడమకాలు చూపించింది.
బూటు చిరిగినచోట
తొడుగు బిగించి కట్టి ఉంది.

ఆ చేతికిప్పుడు మూడే వేళ్ళు.
వాటితోనే మంద తోలుతుంది.
నేను పట్నంలో బాయిలర్ గదిలో పనిచేస్తాను, వెచ్చగా.
ఫోన్ చేస్తే ముందు గాలి వినిపిస్తుంది,
తర్వాత తను:
"పద్నాలుగోది?"

తెలుసు.
చెప్పను.